వాటంతట అవే

శాలన్‌కు అత్తగారితో రెండే పేచీలు. మిగతావన్నీ అలవాటైపోయాయి.

మొదటిది, సోనాబాయి మంచినీళ్లు తాగిన చెంబును బోర్లించి, పైన ఓ గులకరాయి పెడుతుంది. దయ్యాలు తాగకుండానట. పుట్టింటి అలవాటు.

రెండోది, వెక్కిళ్లకు మాత్ర వేసుకోదు.

"వారం దాటింది అత్తయ్యా. జొన్న భాకరీ ముక్క గొంతు దిగడం లేదు. డాక్టరు ఊరికే రాశాడా?"

"నన్నెవరో తలుచుకుంటున్నారే... హిక్... మాత్ర వేస్తే వాళ్ల నోరు నొక్కినట్టే."

ఎవరో తెలియాలంటే పేర్లు చెప్పాలి. సరైన పేరు రాగానే ఆగుతాయి. శాలన్ ఆడపడుచుల నుంచి వియ్యపురాళ్ల దాకా అందరి పేర్లూ చెప్పింది. ఆగలేదు.

"ఒకడు మిగిలాడు," అంది సోనాబాయి.

శాలన్ మామగారితో గొడవపడి వెళ్లిపోయిన ఆమె తమ్ముడు నామ్యా. మామగారు పోయినా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

"అయితే మీరే అనండి."

"అంటే ఆగిపోతాయిగా. మళ్లీ వస్తాయో రావో."

ఆ పూట పండరిపురం నడిచి వెళ్లే భక్తుల పల్లకి ఊరు దాటుతోంది. అరుగు మీద ఓ ముసలాయన కూలబడితే శాలన్ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఎంత దూరం నుంచి మావులీ?"

పల్లకి వెంట నడిచేవాళ్లంతా మావులీలే. పేరు అడగరు.

"చాలా దూరం తల్లీ. లోపల వెక్కిళ్లెవరికి?"

"మా అత్తకి. మందు వేసుకోనంటోంది."

"తగ్గడం లేదూ?" అతని మొహం వెలిగింది. "కాసేపు కూర్చుంటాను."

వింత మనిషి అనుకుంటూ శాలన్ లోపలికెళ్లి, మాత్ర నూరి వేడి శనగపిండి పిఠ్లాలో కలిపేసి అత్తకు పెట్టింది.

పొద్దు వాలేసరికి ఇంట్లో వెక్కిళ్ల చప్పుడు లేదు.

ముసలాయన గుమ్మం దాకా వచ్చాడు. "ఆగిపోయాయా?"

"ఆగాయి మావులీ."

"మందు వేశారా?"

అత్త వింటోంది.

"మందెక్కడిది? వాటంతట అవే ఆగాయి."

"సరేలే," అని అతను జనంలో కలిసిపోయాడు.

"ఎవరే?" అంది సోనాబాయి.

"ఎవరో మావులీ. మీ వెక్కిళ్లతో ఆయనకేం పనో."

సోనాబాయి గొంతు తడుముకుంది. "నామ్యా చిన్నప్పుడు నాతో పోట్లాడితే గుమ్మం బయటే కూర్చుని నన్ను తలుచుకునేవాడు. నాకు వెక్కిళ్లొస్తే లోపలికొచ్చేవాడు. రాకపోతే నా కోపం పోలేదని వెళ్లిపోయేవాడు."

శాలన్ అరుగు మీదికి పరుగెత్తింది.

చెంబు బోర్లించి ఉంది. దాని మీద గులకరాయి.

దారంతా మనుషులే. అందరూ మావులీలే.

ఆమె రాయిని గుప్పిట్లో పట్టుకుని లోపలికొచ్చింది.

"తప్పు చేశాను అత్తయ్యా. అవి వాటంతట అవి ఆగలేదు."