పెదవులు కదిలిన షాట్

శనివారం ఉదయం పదకొండు గంటలకు హైదరాబాద్ రాయదుర్గంలోని ఒక హోటల్లో సినిమా సక్సెస్ మీట్ జరిగింది. విలేకరి అడిగిన ఒక ప్రశ్నకు దర్శకుడు చైతన్య జవాబు చెప్పకుండా మైకు కింద పెట్టాడు.

సినిమా పేరు 'మీరు మ్యూట్‌లో ఉన్నారు'. హారర్. కథంతా ఒక ల్యాప్‌టాప్ తెర మీద నడుస్తుంది. స్నేహితులు వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూ ఉంటారు. ఒక్కొక్కరికీ దయ్యం కనిపిస్తుంది. ప్రేక్షకుడికి కనిపించదు. దాన్ని చూసినవాళ్ల మొహాలే కనిపిస్తాయి.

వాటిలో ఒక మొహం సినిమాను ఆడించింది. ఒక స్త్రీ కాల్‌లోకి వస్తుంది. నవ్వుతుంది. ఎదుట ఉన్నదాన్ని చూస్తూ వింటుంది. నవ్వు పోతుంది. పెదవులు ఒకసారి కదులుతాయి. మాట వినపడదు. డబ్బింగ్‌లో ఆ చోట ఊపిరి శబ్దం మాత్రం కలిపారు. థియేటర్లలో జనం పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నది అక్కడే. మెట్రో స్తంభాల మీద పోస్టర్లన్నిటిలో ఆ మొహమే.

చైతన్యకు ఇది మొదటి సినిమా. సొంతూరు తణుకు. సినిమాల కోసం హైదరాబాద్ వచ్చి, ఇల్లు గడవడానికి ఐటీ కంపెనీలో చేరాడు. సెలవు రోజుల్లో దయ్యాల షార్ట్ ఫిల్ములు తీశాడు. చూసినవాళ్లు నవ్వారు.

"భయపడ్డ మనిషి మొహం నువ్వు ఎప్పుడూ సరిగ్గా చూసినట్టు లేదోయ్" అన్నాడు ఒక ఎడిటర్.

ఆ తర్వాత ఉద్యోగం మానేసి ఈ సినిమా తీశాడు. ఆ షాట్‌ను ఆడిషన్ కాల్‌లో రికార్డు చేశానని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆమె ఎవరని అడిగితే, సినిమాలంటే ఇష్టం లేని మనిషి, వదిలేయండి అన్నాడు.

నిర్మాత శివశంకర్ వదల్లేదు. మనుషుల్ని పెట్టి నిజాంపేటలో ఆమెను పట్టుకున్నాడు. పేరు రత్నమాల.

"నీ రెండో సినిమాల గూడ ఆమెనే ఉండాలె తమ్మీ. ఆమె లేకుంటే సినిమా లేదు. సక్సెస్ మీట్‌ల అందరి ముంగట చెప్పేస్త" అన్నాడు.

రత్నమాల ముందుగానే వచ్చింది. వేదిక పక్కన, శాలువాలు పెట్టిన బల్ల దగ్గర చైతన్య ఆమెకు ఎదురుపడ్డాడు.

"బాగున్నరా సార్?"

"మీరు వస్తారనుకోలేదండి."

"పిలిచిన్రు, వచ్చిన. సినిమా మంచిగ తీసిన్రు. మా చెల్లె చూసి రెండు దినాలు లైటు బంద్ చెయ్యనియ్యలె."

"మీకు ముందే చెప్పి ఉండాల్సింది."

"ముందే చెప్తే ఆ మొహం వస్తుండెనా సార్?"

చైతన్య బల్ల మీది శాలువాను సర్దాడు.

"'అక్కా, నువ్వు యాక్టింగ్ ఎప్పుడు నేర్చినవ్' అని అడిగింది మా చెల్లె" అంది రత్నమాల.

"ఆ షాట్ తీయించేస్తానండి. పోస్టర్లు కూడా."

"తీసేస్తే ఇగ మీ సినిమాల ఏముంటది?"

వేదిక మీది నుంచి శివశంకర్ పిలిచాడు. ఇద్దరూ వేదిక ఎక్కారు.

శివశంకర్ ఆమెకు శాలువా కప్పాడు. "ఏందమ్మా, మావోడు నీకు నిజంగనే దయ్యాన్ని చూపించిండా ఏంది?" అన్నాడు మైకులో.

"చూపించిన్రు సార్. మర్యాదగల్ల దయ్యమే. అండి, అండి అనుకుంటనే మాట్లాడింది."

హాలంతా నవ్వింది. చైతన్య మంచినీళ్ల సీసా మూత తీసి, తాగకుండా మళ్లీ బిగించాడు.

ముందు వరసలో ఉన్న విలేకరి ప్రియదర్శిని లేచింది. "రత్నమాల గారూ, ఆ షాట్‌లో మీ పెదవులు కదులుతాయి కదా. ఏమన్నారు?"

"డైరెక్టర్ సార్‌ను అడగండి. ఇన్నది ఆయనొక్కరే."

ప్రియదర్శిని అతని వైపు తిరిగింది. "చెప్పండి సార్. ప్రేక్షకులు ఇన్ని వారాలుగా అడుగుతున్నది అదే."

చైతన్య మైకు అందుకున్నాడు. నోరు తెరిచాడు. మైకు కింద పెట్టాడు. రత్నమాల వైపు తిరిగి తల వంచి, రెండు చేతులూ జోడించాడు.

ఫొటోగ్రాఫర్లు ముందుకు వచ్చారు. హాల్లో చప్పట్లు మోగాయి.

"సిగ్గుపడుతున్నడు. కొత్తోడు గద!" అన్నాడు శివశంకర్.

రత్నమాల శాలువా తీసి, మడిచి, కుర్చీలో పెట్టింది. మెట్లు దిగి వెళ్లిపోయింది. రెండో సినిమా ప్రకటన జరగలేదు.

డబ్బింగ్‌కు ముందున్న అసలు రికార్డింగ్‌లో, ఐటీ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే రత్నమాల, కాల్‌లో అవతలి వైపున్న, అప్పటికి అదే కంపెనీలో హెచ్‌ఆర్ మేనేజర్ అయిన చైతన్యను అడిగిన మాట ఇది: "అంటే, రేపటి నుంచి నాకు నౌకరి లేనట్టేనా సార్?"