మాయాండి ఆలు

శనివారం సాయంత్రం మిల్లు సైరన్ కూయగానే గోవిందరాజన్ తన షెడ్డులో కూలి పంచడం మొదలుపెట్టాడు.

కోయంబత్తూరు మిల్లుల నూలును కండెలకు చుట్టి ఇచ్చే చిన్న షెడ్డు అది. తండ్రి నుంచి ఏడాది క్రితమే అతని చేతికి వచ్చింది. అక్కడ ఆలుమగలు జంటగా పనిచేస్తారు. ఇద్దరి కూలీ కలిపి మగవాడి చేతిలో పెట్టడం ఆ షెడ్డు ఆనవాయితీ. ప్రభుత్వ బీమాకు కట్టాల్సింది ఆ కూలిలోంచే పట్టుకుని, ఇంటికొక్క కార్డు మీదే, అదీ మగవాడి పేరనే కట్టేవాడు. ఆ రోజుల్లో కార్డున్న మనిషికే బీమా ఆసుపత్రిలో వైద్యం. మోసం చేయాలని కాదు. అతనికి అది తప్పని తోచనే లేదు.

మాయాండి డబ్బు తీసుకుని పక్కకు జరిగాడు. వెనకాల అతని భార్య, ఏడో నెల మనిషి, నడుం పట్టుకుని నిలబడింది.

గేటు దగ్గర గొడుగుతో నిలబడ్డ ముసలాయన అడిగాడు.

"ఆ పిల్ల పేరేమి తంబీ?"

"మాయాండి ఆలు."

"పేరు అడిగితిని."

గోవిందరాజన్ ఆమె వైపు తిరిగి చూశాడు. రోజూ చూసే మనిషే, పేరు మాత్రం తెలియదు.

"ఇద్దరి కూలిలోనూ బీమాకు పట్టుకుంటా ఉండావంట. కార్డు మొగుడికే. రేపు కాన్పుకు బీమా ఆసుపత్రికి పోతే, నీవెవరమ్మా అంటారే. అప్పుడేమి సెప్తుంది?"

గోవిందరాజన్ గబగబా గేటు దగ్గరికి నడిచాడు. ఇంకెవరు, బీమా ఇన్స్పెక్టరే! చెప్పాపెట్టకుండా వచ్చి షెడ్లకు తాళం వేయించేవాళ్ల కథలు చాలానే విని ఉన్నాడు.

"రాండి సామీ, ఏందికి గేటు కాడ నిలిచినారు? ఇంట్లో కాఫీ తాగి మాట్లాడుదాం."

ఇల్లు షెడ్డు వెనకే. కాఫీ కాస్తా భోజనమైంది. భార్య కల్యాణసుందరి అరిటాకు వేసి, అప్పటికప్పుడు అప్పడాలు వేయించి, కొత్తల్లుడికి వడ్డించినట్టు వడ్డించింది.

ముసలాయన నిదానంగా తిన్నాడు. తింటున్నంతసేపూ ఒకటే మాట.

"ఆడోళ్ళ పేర్లు వేరేగా రాసుకో తంబీ. సోమవారమే ఆఫీసుకు పోయి, తప్పు జరిగింది, పాతదంతా కడతానని సెప్పు. నీవుగా పోతే వింటారు. వాళ్ళుగా వస్తే కేసే."

"సరి సామీ, అట్లే చేస్తా. తమరు ఏ ఆఫీసు?"

"నాకేమి ఆఫీసు? మేట్టుపాళయంలో వక్క మండీలో లెక్కా కణక్కూ రాస్తా. పేరు తిరుమలై."

గోవిందరాజన్‌కు ఒళ్లు మండిపోయింది. నెయ్యి పోసి అన్నం పెట్టింది ఒక మండీ గుమాస్తాకా!

"మండీవాడికి నా షెడ్డులో ఏమి పని? ఎవడు పంపినాడు నిన్ను? లేయి, పో బయటికి!"

"ఏమండీ, పెద్దాయన..." అని కల్యాణసుందరి అడ్డుపడినా వినలేదు. గొడుగు తీసి వీధిలోకి విసిరాడు.

ముసలాయన దాన్ని తీసుకుని దుమ్ము దులుపుకున్నాడు.

"కోపం నా మీద ఉండనీ తంబీ. ఆ పిల్లను మరిచిపోవద్దు."

ఆయన వెళ్లాక కల్యాణసుందరి ఎంగిలాకు తీస్తూ అడిగింది.

"అది సరి, ఆ పిల్ల పేరేమి?"

"తెలీదే."

"మన షెడ్డులో ఒళ్ళు వంచి పనిచేసేదాని పేరు మీకు తెలీదు. ఎవరో ఊరుగాని ఊరాయనకు దాని కాన్పు దిగులు!"

ఆ మాట సూటిగా తగిలింది. ఆదివారమంతా గోవిందరాజన్‌కు అన్నం సయించలేదు. సోమవారం పొద్దున్నే మాయాండి ఇంటికి వెళ్లి అడిగాడు. ఆమె పేరు అంగమ్మాళ్. మిగతా ఆడవాళ్లనూ అడిగి, ఆ పేర్లన్నీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు.

అక్కడి అధికారి కాసేపు కేకలు వేసి చల్లబడ్డాడు. "మీ అంతట మీరు వచ్చారు కాబట్టి కేసు లేదు, పొండి" అన్నాడు. భార్య గాజులు కుదువపెట్టి పాత బాకీ కట్టాడు గోవిందరాజన్. ఆడవాళ్లందరికీ కార్డులు వచ్చాయి.

అంగమ్మాళ్ కాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగింది. బీమా ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనూ దక్కించారు.

"కార్డు లేకుంటే ఇద్దరూ పోయి ఉందురు సామీ!" అంటూ మాయాండి కాళ్ల మీద పడబోయాడు.

గోవిందరాజన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ దండం తనకు చెందాల్సింది కాదు.

మర్నాడే కొత్త పంచె, పళ్లు తీసుకుని మేట్టుపాళయం బస్సెక్కాడు. దారి పొడుగునా, ఆ పెద్దాయన కాళ్లు ఎలా పట్టుకోవాలా అని ఆలోచించుకుంటూనే ఉన్నాడు.

వక్క మండీ యజమాని కుప్పుసామి ఆ పేరు వినగానే తల దించుకున్నాడు.

"తిరుమలై అన్ననా? పోయిన నెల గుండెనొప్పితో పోయినాడు సామీ."

గోవిందరాజన్ తెచ్చిన పంచె, పళ్లు వక్క మూట మీద పెట్టేశాడు. క్షమించమని ఒక్క మాట చెప్పుకునే దారి కూడా లేకుండా పోయింది. కళ్లు తుడుచుకుని అడిగాడు.

"ఆయనకు బీమా సంగతులు ఎట్ల తెలిసె?"

"తెలియకేమి? మీ కోయంబత్తూరులో ఆయనే ఇన్స్పెక్టరుగా ఉన్నె. ఎవరో షెడ్డాయన కష్టకాలంలో బీమా కట్టలేకపోయె. కేసు వేస్తే షెడ్డు మూతపడుతుంది, కూలోళ్ళు వీధిన పడతారని అన్న గడువిచ్చినాడు. దానికి ఆయన ఉద్యోగమే పోయె. ఆ షెడ్డాయనకు ఈ సంగతి సెప్పనే లేదు, మనసు కష్టపెట్టుకుంటాడని."

"ఎవరంట ఆ షెడ్డాయన?"

"అప్పసామి నాయుడంట."

అప్పసామి నాయుడు గోవిందరాజన్ కన్నతండ్రి.