గోడ మీది దంపతులు

“ఇవాళ కూడా అక్కడికేనా?”

భర్త అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. “అంత పెద్ద బొమ్మని దుకాణానికి మోసుకురాలేం కదా. వాళ్ళింట్లోనే ఫ్రేము బిగించాలి. ఇంకో రెండు రోజుల పని.”

“రెండు రోజులంటూ పది రోజులైంది.”

“‘మేమిద్దరం హాస్టల్లో ఒకే గది’ అంటూ ఆవిణ్ణి నాకు పరిచయం చేసింది నువ్వేగా! నిన్ను రమ్మంటే రావు. నేను వెళ్తే ఓర్వలేవు.”

అతను పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

ఫ్రేముల దుకాణం ఇద్దరిదీ. చెక్క, అద్దం పని అతనిది. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని, ప్రదర్శనల్లో బొమ్మల కింద పెట్టే పేర్ల చీటీలు ఆమె రాస్తుంది. హాస్టల్లో తనతో ఉన్న ఆ బొమ్మలావిడ ఇరవై ఏళ్ళ తర్వాత ఈ ఊరొచ్చి పక్క వీధిలో దిగినప్పటి నుంచీ ఆమెకి ఒక్క గీతా తిన్నగా రావడం లేదు.

“పెళ్ళికి పిలిస్తే రాని మనిషి, ఇప్పుడు మన వీధి వెతుక్కుంటూ వచ్చిందా?” అంది మేడ మీదుండే ఆడపడుచు. “మావాడు ఉత్త అమాయకుడు. ఓ కన్నేసి ఉంచు వదినా.”

సాయంత్రం భర్త విప్పిన చొక్కాని ఆమె బకెట్లో వెయ్యబోయి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. రంగుల నూనె వాసన.

“ఇవాళ ఏం చీర కట్టుకుంది?”

“నేను చెక్క చూసుకోవాలా, చీరలు చూడాలా?”

“నా గురించి అడిగిందా?”

“అడిగింది. బాగానే ఉందన్నాను.”

“అంతేనా?”

“ఇంకేం చెప్పాలే? ఇంతలో ఆ ఇంట్లో ఉండే నర్సు టీ తెచ్చింది, తాగి వచ్చేశాను.”

ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

మర్నాడు బొమ్మలావిడ పంపిన పేర్ల పట్టీ వచ్చింది. పదకొండు పేర్లు రాసి, పన్నెండో దాని దగ్గర ఆమె కలం ఆగిపోయింది. ‘దంపతులు.’

“మీరు ఫ్రేము కట్టేది దీనికేనా? ఇందులో ఎవరున్నారు?”

“చెబితే బాగుండదు. నువ్వే వెళ్ళి చూడు,” అన్నాడు భర్త తల తిప్పుకుని.

అంతలో ప్రదర్శనశాల మేనేజరు ఫోన్ చేశాడు.

“ఆ పన్నెండోది మార్చి రాయండమ్మా. ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు. దంపతులంటే జనం నోరు ఊరుకోదు. ‘స్నేహితురాళ్ళు’ అని పెట్టండి, గొడవుండదు.”

ఆమె వెంటనే అలాగే రాసింది. పన్నెండింట్లోకీ ఆ చీటీయే అందంగా వచ్చింది.

“ఆవిడ రాసిచ్చింది ఇది కాదుగా,” అన్నాడు భర్త. “కనీసం ఒక్క మాట అడగవా?”

“మీకెందుకంత బాధ?”

అతను సుత్తి అందుకున్నాడు.

ప్రదర్శన మొదలైన రోజు వెళ్ళక తప్పలేదు. ఎదురు గోడ నిండా ఆ బొమ్మే. వసారాలో ముక్కాలిపీట మీద నెరిసిన జుట్టుతో బొమ్మలావిడ కూచుంది. వెనక నిలబడ్డామె, ఆ ఇంట్లో ఉండే నర్సే కాబోలు, పాత పళ్ళ బ్రష్షుతో ఆ జుట్టుకి నల్లరంగు వేస్తోంది. నుదుటి మీద పడిన చుక్కని చీరకొంగుతో తుడుస్తోంది. ఇద్దరి ముఖాల్లోనూ అదే నవ్వు. అంతే బొమ్మ. ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

“ఈ చీటీ ఎవరు రాశారు?” పక్కనుంచి గొంతు వినిపించింది. బొమ్మలావిడ.

“నేనే.”

“నువ్వా?”

“మేనేజరు రాయమన్నాడు.”

“ఆయన చెప్పాడు సరే. నీ చెయ్యెలా ఆడిందే?”

బొమ్మలోని నర్సు కూడా అక్కడే ఉంది. “పోనీలేద్దూ, అదీ అబద్ధం కాదుగా,” అని సర్దిచెప్పింది. ఆమె వైపు తిరిగి, “మీ గురించి ఎప్పుడూ చెబుతుంటుంది. ఒక్కసారైనా ఇంటికి రాకూడదూ?” అంది.

“అద్దెకి ఇల్లు కావలసినప్పుడల్లా స్నేహితురాళ్ళమనే చెప్పాం,” అంది బొమ్మలావిడ. “ఆసుపత్రి కాగితాల్లో అదే రాశాం. ఈ ఒక్క గోడ మీదైనా మా పేరు మాకుండనీ. తప్పు రాసింది నువ్వు, దిద్దాల్సిందీ నువ్వే.”

ఆమె సంచీలోంచి తెల్ల చీటీ, కలం తీసింది. నాలుగు అక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది. మేనేజరు పరుగున వచ్చి ఏదో అనబోతే, “నేను రాశాను, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి,” అంది. తనే చీటీ అంటించింది. బొమ్మలావిడ ఆమె భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, వేరే వాళ్ళెవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తుంటే భర్త పక్కకి తిరిగి చూశాడు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఇంకా ఏడుపెందుకే? చూశావుగా, ఆవిడ బొమ్మల్లో మగవాడన్నవాడే లేడు. వట్టి పుణ్యానికి ఇన్నాళ్ళూ ఆవిణ్ణి చూసి కుళ్ళుకున్నావు.”

ఆమె నడక ఆపింది.

“నేను కుళ్ళుకుంది ఆ నర్సుని చూసి.”