ఉంగరపు వేలికి కట్టు

చెరువులో చేతులు కడుక్కుని లేచిన కళ్లజోళ్ల షాపాయన, వేలు చూసుకుని కొయ్యబారిపోయాడు. పెళ్లి ఉంగరం లేదు!

పెళ్లయి సరిగ్గా పన్నెండు రోజులు. ఉంగరం కాస్త వదులుగా ఉందని అత్తగారు అప్పుడే అన్నారు. వింటేనా!

నీళ్లలోకి తొంగిచూశాడు. అడుగు కాదు కదా, అంగుళం లోతు కనపడితే ఒట్టు. పైన లాండ్రీ నురగ, కింద నల్లటి బురద. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి చూపు ఆనలేదు.

దారిలోనే వేలికి కట్టు కట్టుకున్నాడు.

"అయ్యో, ఏమైందండీ?" అంది కొత్త పెళ్లాం.

"తలుపు సందులో పడి నలిగింది."

"విప్పండి, చూస్తాను."

"వద్దొద్దు! గాలి తగిలితే చీము పడుతుందట."

నీటి పరీక్షల లాబ్‌లో ఉద్యోగం ఆమెది. చెరువు బాగుచేద్దాం రండని రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగినా ఒక్కరూ కదల్లేదు.

"ఇకనుంచి నీ చెరువే నా చెరువు!" అని ఆదివారం తెల్లారేసరికి గంప పట్టుకుని దిగిపోయాడు. ఎత్తిన ప్రతి గంపెడు బురదనూ జల్లెడ పట్టాడు. అంత శ్రద్ధ చూసి సిగ్గేసి, నలుగురు దిగారు. మరుసటి వారం నలభై మంది.

"బావగారూ, బురదలో బంగారమేమైనా దొరుకుతోందా?" అని మరదలు గట్టు మీంచి అరిచింది. ఆయన జల్లెడతో సహా బోర్లాపడ్డాడు.

రోజూ కొత్త మురికి పేరుకుంటే ఉంగరం ఇంకా కిందికి పోతుంది. అందుకని లాండ్రీ గుమ్మంలో బైఠాయించి, మురుగు గొట్టం మూయించేదాకా లేవలేదు.

"బరువైనవన్నీ తూర్పు మూలకు చేరతాయండీ," అందామె ఒకరోజు, కట్టుకు కొత్త గుడ్డ అందిస్తూ. ఆదివారానికల్లా తూర్పు మూల శుభ్రం.

"తుంగ నాటితే నీళ్లు తేరుకుంటాయి. గుంటలు మాత్రం మోకాలి లోతు ఉండాలి," అంది ఇంకోసారి. రెండొందల గుంటలు తవ్వాడు.

ఎనిమిది నెలలకు నీళ్లు అద్దంలా తేరాయి. చేపపిల్లలొచ్చాయి. వాటి వెనకే కొంగలొచ్చాయి. తలుపు సందులో నలిగిన వేలు మాత్రం ఇంకా మానలేదు.

గట్టు మీద నిలబడితే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. ఆయన లెక్కపెట్టాడు. అన్నీ గులకరాళ్లే.

"నీకో నిజం చెప్పాలి," అన్నాడు, కట్టు ముడి విప్పబోతూ.

ఆమె గబుక్కున ఆ చేయి పట్టుకుంది. "తర్వాత చెబుదురుగాని. ముందిది వినండి. ఈ చెరువు పొంగినప్పుడల్లా మునిగినవన్నీ పక్క చెరువులోకి కొట్టుకుపోతాయట. అదింకా కంపుకొడుతోంది, పాపం!"

ఆయన ముఖం వెలిగిపోయింది. జల్లెడ చంకనబెట్టుకుని అటే పరుగెత్తాడు.

ఆమె లాబ్‌కి వెళ్లి, సొరుగు లాగి, పెళ్లయిన పన్నెండో రోజు పొద్దున స్నానాల గదిలో సబ్బుపెట్టె కింద దొరికిన ఉంగరాన్ని మురిపెంగా తుడిచి, మళ్లీ అందులోనే దాచేసింది.