చీకటి సీసా

"సామాన్ల గది తలుపు ఎవరు తీశారు?"

భర్త కేక వంటింటి దాకా వచ్చింది.

"నేనే. ఉల్లిపాయల కోసం," అందామె, తరగడం ఆపకుండా.

"రెండు ఉల్లిపాయల కోసం నా ఉద్యోగానికి ఎసరు పెడతావా?"

ఆయన సముద్రపు పాచి మీద పరిశోధన చేసే మనిషి. ఆఫీసులో చీకటి గదికి మరమ్మతులు జరుగుతున్నాయని పాచి సీసాని ఇంటికి మోసుకొచ్చి, ఉల్లిపాయల బుట్ట పక్కన కాపురం పెట్టించాడు.

"పిసరంత పాచికి ఇంత రాద్ధాంతమేమిట్రా?" అంది అత్తగారు.

"పాచికి కాదమ్మా, దానికి పట్టిన వైరస్‌కి. అది పాచి కణానికి ప్రోటీన్‌తో చిన్న తలుపు బిగిస్తుంది. వెలుగు పడితే ఆ తలుపు తెరుచుకుని, నీళ్లలోని అయాన్లు లోపలికి దూరతాయి. అప్పుడు పాచి వెలుగు వైపు ఈదుతుంది. చీకట్లో ఈదకూడదు. ఆ తేడా చూపించలేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు."

"మూసేస్తే?"

"ఏముంది, రోజంతా ఇంట్లోనే ఉంటాను."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉల్లిపాయల బుట్ట ఆ నిమిషానే అత్తగారి మంచం కిందికి మారింది.

ఆయన కొత్త సీసా తెచ్చి పెట్టాడు. కిటికీకి నల్ల కాగితం అంటించాడు, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాడు, తాళం వేసి తాళంచెవి మెళ్లో వేలాడదీసుకున్నాడు. ఆ గది ముందు నుంచి వెళ్లేటప్పుడు అత్తగారు కళ్లజోడు కూడా తీసేసేది, ఎక్కడ తళుక్కుమంటుందోనని.

వారం తిరిగాక చూస్తే, పాచి అంతా పచ్చగా సీసాలో గది తలుపు వైపుకే చేరి ఉంది.

ఇక ఈయన రోజంతా ఇంట్లోనే అనుకుంటూ ఆమె అన్నం వడ్డించింది. ఆయన మాత్రం వెలిగిపోతున్న మొహంతో కంచం ముందు కూర్చున్నాడు.

"నిర్ణయించేశాను. ఇది ఎవరూ చూడని కొత్త రకం వైరస్. దీనికి వెలుగుతో పనే లేదు, కటిక చీకట్లో పాచిని ఈదించింది! రేపు ఆఫీసు పెద్దలందరి ముందూ ప్రకటిస్తున్నాను."

"అంతమందిలో తప్పని తేలితేనో?" అందామె.

"ఆ రోజే ఇంటికి పంపిస్తారు. అయినా ఎందుకు తేలుతుంది?"

అత్తగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. కోడలు గరిటె కింద పెట్టింది.

"ఏ సందులోంచైనా కాస్త వెలుగు పడిందేమో చూసుకున్నారా అండీ?"

ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"నన్నేమనుకున్నావు? వెలుగు పడుతోందేమోనని పూటపూటా నేనే తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, పెద్ద టార్చిలైటు వేసి మూలమూలా వెతుకుతున్నానుగా!"