ఒక్కపూట అనంతగిరి

“ముండమోసిన పిల్లను షికారుకు తీస్కపోతవా, వదినే? నలుగురు వింటే నవ్వుతరు!”

పర్శరాములు గొంతు అమీర్‌పేట వాడకట్టంతా వినపడింది.

“నవ్వనీ. నవ్వితే వాళ్ల పండ్లే కనబడతయి,” అన్నది దేవవ్వ, కుట్టు మిషను తొక్కడం ఆపకుండా.

పంజాగుట్ట బంగళాల్లోని ఆడవాళ్లకు రవికలు కుట్టి బతుకుతున్నదామె. కొడుకు శివరాములు జ్వరంతో పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి అత్తా కోడళ్లిద్దరికీ ఆ మిషనే ఆధారం. పర్శరాములు ఆమె మరిది. దసరా పండుగ దాటగానే, కోడలు చంద్రావతిని తీసుకుపోవడానికి సిరిసిల్ల నుంచి వచ్చాడు. అక్కడ అతని ఇంట్లో నాలుగు మగ్గాలున్నాయి. నూలు కండెలు చుట్టే చేతులు చాలడం లేదు.

“కొడుకే పోయినంక కోడలు నీకెందుకు? మా ఇంట్ల ఒక మూలకు పడి ఉంటది. కండెలు చుట్టుకుంట బతుకుతది.”

“ఎట్ల బతుకుతదో నాకెరుకే. పోయేముందు జర లోకం చూడనీ. ఇరవై రెండేండ్లాయె, సిరిసిల్ల మగ్గం, అమీర్‌పేట మిషను తప్ప ఏం చూసింది?”

“అయితే వేములాడకు తోల్కపో. మొక్కు తీర్సినట్టుంటది.”

“దేవుళ్లను మస్తు చూసినం. ఈసారి కొండలు, నీళ్లు చూస్తం. వానలు ఎలిసినయి. ఇప్పుడు పోకుంటె, ఎండలు ముదిరినంక పోతమా?”

అంతలో పక్కింటి కనకయ్య వచ్చాడు. బేగంపేట స్టేషన్లో మూటలు మోస్తాడు. రైల్వేవాళ్లు పంచిన బొమ్మల కాగితమొకటి అరుగు మీద పరిచాడు.

“చూడు దేవక్కా. పాకాల చెరువు నిండి మత్తడి దుంకుతున్నదట. చుట్టూ అడివే.”

“పులులు లేవా?”

“ఉన్నయి. పగటిపూట రావట.”

“మా మరిది పగటిపూటనే వచ్చిండు గద.”

కనకయ్య నవ్వు మింగి వేలు జరిపాడు. “గీ కుంటాల చూడు. ఆకాశం నుంచి దుంకినట్టుంటయట నీళ్లు. కానీ రైలు దిగినంక ఎడ్లబండి మీద శానా దూరం.”

“గన్ని దినాలు నేను ఓర్వ,” అన్నాడు పర్శరాములు.

“ఎల్లోరా గుహలు?” అన్నాడు కనకయ్య.

“రాళ్లు చూడనీకి గంత దూరమెందుకు? పంజాగుట్ట లేదా?” అన్నది దేవవ్వ.

గడప దగ్గర కూర్చుని గుండీలు కుడుతున్న చంద్రావతి సూది పక్కన పెట్టింది. కాగితం తనవైపు తిప్పుకుంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివింది.

“అ...నం...త...గి...రి.”

పర్శరాములు ఉలిక్కిపడ్డాడు. “చదువు సుత నేర్సిందా!”

“నేనే నేర్సుకొమ్మన్న,” అన్నది దేవవ్వ.

“గక్కడికే పోదాం, అత్తమ్మా,” అన్నది చంద్రావతి. పెద్దల మధ్య ఆమె నోరు విప్పడం అదే మొదలు. “వికారాబాద్‌ల దిగితే దగ్గరనే. మూసీ గక్కడనే పుడుతదట.”

“మూసీ కోసం రైలెక్కుడేంది? పట్నంలనే పారుతున్నది గద!”

“పట్నంల అందరి మురికి మోస్తున్నది, చిన్నమామా. పుట్టినకాడ తేటగ ఉంటదట.”

పర్శరాములు లేచి నిలబడ్డాడు. “నేను వద్దంటున్న. మాట వినకుంటె కులపెద్దల ముందట పెడత.”

మిషను ఆగింది.

“పెట్టు,” అన్నది దేవవ్వ. “నా కొడుకు జరంతోని కొట్టుకున్నప్పుడు ఏ కులపెద్ద వచ్చిండు? మూడు జాబులు రాయిస్తే నువ్వు సుత రాలే. ఇయ్యాల కండెలకు చేతులు కావాలెనని వచ్చినవు. ఆదివారం పొద్దుగాల పోతం. ఆపుతవా, ఆపు.”

కనకయ్య తల వంచుకుని కాగితం మడిచాడు. పర్శరాములు మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు.

“ఒక్కపూటనే. మాపటి బండికి రావాలె. సోమవారం సిరిసిల్ల పయనం.”

“మాపటి బండికే వస్త,” అన్నది దేవవ్వ.

ఆదివారం బేగంపేటలో కనకయ్యే వాళ్లను రైలెక్కించాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కావడంతో బండ్లు తగ్గాయి, పెట్టె కిటకిటలాడుతున్నది. కిటికీ అవతల నిండిన కుంటలు, పచ్చటి జొన్నచేలు, గట్ల మీద విరగబూసిన తంగేడు. చంద్రావతి కన్నార్పకుండా చూస్తున్నది.

“భయమైతుందా, బిడ్డా?”

“అయితలేదు.”

“మనసు ఒప్పకుంటె ఇప్పుడే చెప్పు. లింగంపల్లిల దిగి ఇంటికి మళ్లుదాం. నా కోసమని మాత్రం ఏం చెయ్యకు.”

“నడుమ దిగే ముచ్చటే లేదు, అత్తమ్మా.” కాసేపటికి గొంతు తగ్గించి అన్నది. “చిన్నమామతోని నీకే కష్టం.”

“వానితోని కొట్లాడుడు నాకు కొత్తనా? నువ్వు కొండలు చూడు.”

వికారాబాద్‌లో దిగేసరికి చల్లటి గాలి తగిలింది. దూరంగా అనంతగిరి మీద మబ్బులు ఇంకా వేలాడుతున్నాయి. స్టేషన్ బయట జట్కా పక్కన ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. పేరు హనుమాండ్లు, అక్కడి బడిలో పంతులు. నిరుడు అమీర్‌పేట బడిలో ఉన్నప్పుడు చంద్రావతికి అక్షరాలు దిద్దించింది ఆయనే. కొండదారులన్నీ తెలిసినవాడు.

ఆయన ఎదురొచ్చి దేవవ్వ చేతిలోని మూట అందుకున్నాడు.

“రానిస్తరో లేదో అని ఒకటే ఫికరైంది, అమ్మా.”

“మమ్ముల ఆపెటోడు ఇంక పుట్టలే, పంతులూ.”

జట్కావాడు గుర్రానికి కళ్లెం సరిచేస్తూ అడిగాడు. “మాపు ఒక్కటే బండి, అవ్వా. జల్ది కొండెక్కి దిగాలె. ఇద్దరికీ తిరుగు టికెట్లు ఉన్నయా?”

“నా ఒక్కదానికే ఉన్నది.” దేవవ్వ కోడలి చేయి పట్టి జట్కా ఎక్కించింది. చెంగుతో కళ్లు తుడుచుకుని, తల ఎత్తి నవ్వింది.

“పెండ్లిపిల్లకు తిరుగు టికెట్ ఎందుకు?”