కెప్టెన్ వాంగ్మూలం

"కారు నడిపింది నువ్వేనని చెప్పు, తెయో."

బూటు లేసు కట్టుకుంటున్న తెయోఫిలో నొరాలెస్ తలెత్తాడు. ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెసిడెంటు డోన్ అమిల్కార్ డ్రెస్సింగ్ రూము తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏ కారు సార్?"

"మన క్లబ్బు కారే. రాత్రి తేలా ఊరికి పోయే రోడ్డు మీద ఒకావిణ్ణి గుద్దేసింది. కొబ్బరి రొట్టెలమ్ముకుని ఇంటికి పోతోందట పాపం. ప్రాణం పోయింది. వీడు కారు అక్కడే వదిలేసి పారిపోయొచ్చాడు."

"ఎవడు?"

"నెల్విన్," అన్నాడు డోన్ అమిల్కార్.

తెయో చేతిలోంచి లేసు జారిపోయింది. నెల్విన్‌ది అతని ఊరే. సముద్రపొడ్డున ఇసకలో చెప్పుల్లేకుండా ఆడుకుంటున్నవాణ్ణి చెయ్యిపట్టుకుని ఈ క్లబ్బుకు తెచ్చింది అతనే. వాణ్ణి ఇప్పుడు బెల్జియం క్లబ్బు వాళ్ళు కొనుక్కున్నారు. మధ్యాహ్నమే విమానం.

"ఒకసారి పిలవండి వాణ్ణి. నేను మాట్లాడతాను."

"ఎక్కడ పిలిచేది? తెల్లారకముందే ఎయిర్‌పోర్టుకి పంపించేశాను. నా కాళ్ళ మీద పడి ఏడ్చాడయ్యా. ఫోను కూడా చెయ్యకు, పోలీసులు ముందు చూసేది ఫోన్లే. నేరం రుజువు కానక్కర్లేదు తెయో. కేసులో పేరుందని తెలిస్తే చాలు, బెల్జియం వాళ్ళు గుమ్మం తొక్కనివ్వరు. మళ్ళీ ఆ ఇసకలోనే పడుంటాడు."

"మరి నేను?"

"నీకు ముప్పై అయిదొచ్చాయి. ఆ మోకాలు చూసుకో. ఈ సీజను దాటితే నిన్నెవరు ఆడిస్తారు? మంచి లాయర్ని పెడతాను. బయటికొచ్చాక కుర్రాళ్ళ టీముకి కోచ్‌వి నువ్వే. నా మాట నమ్ము."

"మా ఆవిడకైనా..."

"ఎవరికీ చెప్పొద్దు. ఆడవాళ్ళు కన్నీళ్ళతో పాటు మాట కూడా జారవిడుస్తారు."

బయట పోలీసు జీపు ఆగింది. తెయో బూట్లు విప్పి బెంచీ కింద జతగా పెట్టాడు. ఉత్త కాళ్ళతోనే బయటికి నడిచాడు.

స్టేషన్లో వాంగ్మూలం రాసుకున్న ఇన్‌స్పెక్టరు కలం మూసి, అతనికేసి చాలాసేపు చూశాడు. "ఆదివారం మ్యాచ్‌కి మా అబ్బాయిని తీసుకొస్తానని మాటిచ్చాను కెప్టెన్. వాడికేం చెప్పమంటారు?" అన్నాడు.

సాయంత్రం టీవీలో డోన్ అమిల్కార్ కనిపించాడు. "ఆడదాన్ని రోడ్డు మీద కుక్కలా వదిలేసి పారిపోయేవాడికి మా క్లబ్బులో చోటు లేదు," అన్నాడు. పైకి అలాగే అనాలి కదా అని తెయో సర్దిచెప్పుకున్నాడు. కాంట్రాక్టు రద్దయింది. ఫెడరేషన్ వాళ్ళు జన్మలో మైదానంలోకి దిగకుండా నిషేధం పెట్టారు. స్టేడియం గోడ మీద గీసిన అతని బొమ్మకి అభిమానులే తారు పూశారు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. లాయరు ఒక్కసారి వచ్చాడు, మళ్ళీ రాలేదు.

చనిపోయినావిడ కూతురు కోర్టులో అతన్ని పల్లెత్తు మాట అనలేదు. తమ ఇంటి గోడకున్న అతని ఫొటో తెచ్చి, కాళ్ళ దగ్గర పెట్టేసి పోయింది. జడ్జి వేసిన ఎనిమిదేళ్ళ శిక్ష కన్నా అదే ఎక్కువ కుంగదీసింది తెయోని.

జైల్లో శనివారాలు టీవీ పెట్టేవారు. నెల్విన్ గోలు కొట్టాడంటే ఖైదీలంతా బెంచీలు చరిచేవాళ్ళు. తెయో మాత్రం చప్పుడు చేసేవాడు కాదు. కానీ ఆ పూట కడుపునిండా తినేవాడు.

సెలవులకి ఇంటికొచ్చిన నెల్విన్ ఒకరోజు జైలుకొచ్చాడు. ఒళ్ళు చేశాడు, మంచి చొక్కా వేసుకున్నాడు. తెయో చేతులు చాచాడు. వాడు దగ్గరికి రాలేదు, కూర్చోలేదు కూడా.

"రావొద్దనే అనుకున్నాను. మా అమ్మమ్మ ఒకటే పోరు, వెళ్ళి చూసిరమ్మని."

"బావున్నావురా. చలికి తట్టుకుంటున్నావా అక్కడ?"

"ఒక్క మాట అడిగి పోతానన్నా. నాకు ఇసకలో నడక నేర్పినట్టు ఆట నేర్పావు. దెబ్బ తగిలి కొట్టుకుంటున్న మనిషిని వదిలేసి పారిపోవడానికి నీకు కాళ్ళెలా వచ్చాయి?"

తెయో గార్డు వైపు ఓరగా చూసి, నవ్వి, గొంతు తగ్గించాడు. "వాడికి వినపడదులే. నా దగ్గరెందుకురా నటన? డోన్ అమిల్కార్ అంతా చెప్పాడు. నువ్వు ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చింది కూడా."

"నేనా? నేనెందుకు ఏడుస్తాను?"

"ఆ కారు నడిపింది నువ్వు కదరా."

నెల్విన్ మెల్లిగా వచ్చి ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ కారు తాళాలెప్పుడూ ప్రెసిడెంటు గారబ్బాయి జేబులోనే కదన్నా ఉండేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ రోజు నీకెలా ఇచ్చాడా అని ఇన్నాళ్ళూ ఆశ్చర్యపోతున్నాను."

"నీకిచ్చాడని చెప్పాడు వాళ్ళ నాన్న." అన్నాడు తెయో.

"నాకిచ్చి ఏం లాభమన్నా?" అన్నాడు నెల్విన్. "నాకు కారు నడపడమే రాదు."